యాక్సిలరేటర్‌కి కట్టిన తాడు

మొన్న ఎవరో సైకిల్ గొలుసు కిరసనాయిలుతో కడుగుతుంటే, ఆ వాసనకి మా పాత కారు గుర్తొచ్చింది.

దాని యాక్సిలరేటర్ తొక్కితే మళ్లీ పైకి లేచేది కాదు. నాన్న పెడల్‌కి తాడు కట్టి, కొస పక్కసీట్లో అమ్మకిచ్చారు. రేపల్లె రోడ్డు మీద ఎక్కడో లారీ కనిపించినా అమ్మ లాగేసేది. కారు బుద్ధిగా నెమ్మదించేది. చిన్నతనం కదా, కార్లన్నిటికీ అమ్మల కోసం ఒక తాడు ఉంటుందనుకున్నాను.

వారం తర్వాత తెనాలిలో మెకానిక్ యాక్సిలరేటర్ కేబుల్‌ని కిరసనాయిలుతో కడిగి, నూనె వేసి, తాడు కోసేశాడు.

"ఇంక బాధ లేదమ్మగారూ!"

"నాకేం బాధగా లేదు బాబూ, ఉండనియ్యరాదూ," అంది అమ్మ.

నాన్న నవ్వారు.

తిరుగుదారిలో కాలవ గట్టు మీద అమ్మ "కాస్త నెమ్మదండీ" అని మూడుసార్లంది. పెడల్ బాగుపడింది కాబట్టి నాన్నకి వినపడలేదు. ఇన్నేళ్లకి ఆలోచిస్తే, మా ఇంట్లో అమ్మ మాట చెల్లింది కారు పాడైన ఆ వారమే.