త్రికోటి తీసిన రెండు వీడియోలు

మాచర్ల అవతల జలపాతం దగ్గర ఫొటోలు తీసి బతికే త్రికోటేశ్వరరావుకి ఒక విద్య తెలుసు. మనిషిని ఒడ్డున ఉన్న రాతి మీద నిలబెట్టి, చెయ్యి చాపమని, తనో మూల కూలబడి కెమెరా నొక్కాడంటే జలపాతం మొత్తం వచ్చి ఆ అరచేతిలో పడేది. అందరికీ సెల్‌ఫోన్లు వచ్చాక కూడా ఆ ఒక్క ఫొటో కోసం జనం అతన్ని వెతుక్కుంటూ వచ్చేవారు.

కిందటి వానాకాలం ఎగువన కుంభవృష్టి కురిసి వాగు పొంగింది. మనుషులు ముందే గట్టెక్కారు గాని, ఒడ్డున ఉన్న కొట్లు ఒక్కటీ మిగల్లేదు. హజ్రా బీ మిరపకాయ బజ్జీల బండి అయితే గొడుగు విప్పుకుని, ఊరేగింపుకి బయల్దేరిన పెళ్లికూతురిలా ఊగుతూ పోయింది. గుట్ట మీదున్న త్రికోటి చెయ్యి ఊరుకోలేదు. వీడియో తీసి నలుగురికి పంపాడు. ఆ నలుగురూ నాలుగు జిల్లాలకి పంపారు.

వాగు తగ్గింది, బురద ఆరింది, జనం మాత్రం రాలేదు. జలపాతమే కొట్టుకుపోయిందటగా అని ఫోన్లో అడిగేవాళ్లే అందరూ. త్రికోటి మెడలో కెమెరా వేసుకుని కోతుల మొహాలు చూస్తూ కూర్చునేవాడు.

ఒక పొద్దున హజ్రా బీ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏంరా త్రికోటీ, నా బండి వాగులో మునిగింది ఒక్కసారే. నీ వీడియోలో రోజూ మునుగుతానే ఉంది గదరా!"

"అందరూ చూస్తారని తీశా పిన్నమ్మా."

"చూశార్లే. చూసి ఇళ్లల్లోనే కూకున్నారు. బండి పోయేటప్పుడు తీసినోడివి, వచ్చేటప్పుడు తీయవా?"

కొత్త బండి ఎక్కడ పెట్టాలన్నది అంత తేలిగ్గా తేలలేదు. నీళ్ల పక్కనైతేనే బేరమని, పాత చోటే కావాలని, మొక్కజొన్న కంకులు కాల్చే కృపాదానం పట్టుబట్టాడు. త్రికోటి కూడా అతని వైపే. తను ఫొటోలు తీసే రాయి అక్కడే ఉంది మరి.

"వాగు దారిలో మనం కూకొని, వాగే మన మీదకొచ్చిందంటే ఎట్టాగయ్యా?" అని హజ్రా బీ గట్టు మీద పొయ్యి వెలిగించింది. బజ్జీల వాసన కిందకి దిగింది. ముందుగా ఎక్కి వచ్చింది కృపాదానమే.

ఆ తర్వాత అందరూ కలిసి చెట్లకి వేలాడుతున్న ప్లాస్టిక్ కవర్లు ఏరారు. విస్తరాకులే వాడదామనుకున్నారు. ఖాళీ అయిన ఒడ్డున కానుగ మొక్కలు నాటి, జనం దిగకుండా తాడు కట్టారు. త్రికోటి అదంతా వీడియో తీశాడు. చూసినవాళ్లు అతని భార్య అనసూయ తరఫు చుట్టాలు మాత్రమే. అయితే అందులో ఒకచోట, దృశ్యమంతా పట్టాలని వెనక్కి నడుస్తూ అతను మొక్కని తొక్కాడు. "ఒరేయ్ గుడ్డి కెమెరా! వాగు ఒకసారి తొక్కింది చాలదా, నువ్వు గూడానా?" అని హజ్రా బీ కేక. అనసూయ కడుపుబ్బా నవ్వి, ఆ ముక్క ఒక్కటే అందరికీ పంపింది.

వారం తిరక్కుండానే నరసరావుపేట నుంచి ఒక కుటుంబం దిగింది.

"తిట్టే అమ్మ ఎక్కడండీ?"

హజ్రా బీ సిగ్గుతో కొంగు అడ్డం పెట్టుకుంది. అంతలో ఆ ఇంటాయన తాడు దూరి నీళ్ల వైపు పోతూ కనపడ్డాడు.

"ఏమయ్యో! తాడు కట్టింది నీ గుడ్డలు ఆరేసుకోడానికనుకున్నావా?"

ఆయన గబగబా వెనక్కొచ్చి, "రికార్డు అయిందా?" అని భార్యని ఆనందంగా అడిగాడు.

మెల్లగా జనం పెరిగారు. గట్టు మీద నుంచి జలపాతం అరచేతిలో పడనని మొరాయించింది. త్రికోటి ముక్కాలిపీట ఎక్కాడు, వంగాడు, చివరికి బోర్లా పడుకున్నాడు. నీళ్లన్నీ వచ్చి బజ్జీల విస్తరాకులో పడ్డాయి. ఇప్పుడు ఆ ఫొటోకే గిరాకీ.

ఈ ఏడు కూడా వాగు పొంగింది. దారి మూసేసి అందరూ పైనుంచి చూశారు. కొట్లకి తడి తగల్లేదు గాని, కానుగ మొక్కల్లో సగం పోయాయి. వాన తెరిపిచ్చాక కృపాదానం గడ్డపార పట్టాడు, చూడవచ్చిన వాళ్లలో కొందరు చెప్పులు విప్పి సాయానికి దిగారు. ఆ రోజు వీడియో అనసూయ తీసింది. త్రికోటి మోచేతుల దాకా బురదలో ఉన్నాడు.