మేనమామ కొసరు

రొట్టెల కోడలు సొంత మేనమామ మీద పిండిబస్తా విసిరిందని మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. కుట్టుమిషను ఆవిడ చెప్పినప్పుడు ఆయనకు చెయ్యి బెణికింది. ఆ మాట పాల దుకాణం చేరేసరికి చెయ్యి విరిగింది. ఆ చెయ్యి నిక్షేపంలా ఉంది. నిన్న దాంతోనే మా ఇంట్లో రెండు గ్లాసుల టీ తాగాడు. జరిగిందేమిటో నేను చెబుతాను. వాళ్ళ వంటింటి కిటికీ సరిగ్గా మా పెరటి గోడకు ఎదురుగా ఉంటుంది మరి.

రొట్టెల కోడలంటే మా పక్కింటి కోడలే. ఆమె కూతురికి గోధుమ పడదు. గోధుమలో గ్లూటెన్ అని ఒక జిగురు ఉంటుందట. అది రవ్వంత కడుపులోకి పోయినా పిల్ల మెలికలు తిరిగిపోతుంది. బడిలో అందరి పుట్టినరోజులకూ చప్పట్లు కొట్టి, కేకు తినకుండా ఇంటికొచ్చేది. అది చూడలేక తల్లి బియ్యప్పిండితో బ్రెడ్డు, బన్నులు చేయడం నేర్చుకుంది. అలాంటి పిల్లలున్న తల్లులు ఆరా తీసుకుంటూ వచ్చారు. ముందుగది దుకాణమైంది. సోఫా మేడెక్కింది, మామగారు వరండాలోకి మారారు.

చేయడం ఒక ఎత్తు, నమ్మకమైన పిండి దొరకడం ఒక ఎత్తు. గోధుమలు ఆడించిన మరలో బియ్యం పోస్తే ఆ గోధుమపిండి ఇందులోకీ వస్తుంది. అందుకే ఆమె ఊళ్ళోని పిండిమరలన్నీ తిరిగింది. "కళ్ళు మూసుకుని పట్టుకెళ్ళండమ్మా" అనని వాడు లేడు. ఈమె కళ్ళు ఇంతింత చేసుకుని మర వెనక్కి దూరి చూసేది. "పిండి కావాలా, నా మరకేమైనా సంబంధం తెచ్చారా?" అన్నాడట ఒకాయన. చివరికి సొంత మేనమామ దగ్గరే కుదిరింది. ఆయనకు ఊరి చివర పిండిమర ఉంది. బియ్యానికని చిన్న మర ఒకటి విడిగా పెట్టాడు.

ఆమె బ్రెడ్డు రుచిగానే ఉండేది గానీ, కత్తి తగిలితే పొడిపొడిగా రాలేది. మేము చెంచాతో తినేవాళ్ళం. అలాంటిది మొన్న ఒక పొద్దున ఓవెన్ తెరిస్తే బన్నులు చంటిపిల్ల బుగ్గల్లా పొంగి ఉన్నాయి.

"ఇక మనకు తిరుగులేదే!" అంటూ మొగుడు పళ్ళెం నెత్తిన పెట్టుకుని గిరగిరా తిరిగాడు. పిల్ల ఒక బన్ను తీసి నోటిదాకా తెచ్చింది. తల్లి చటుక్కున లాక్కుంది.

"తినకు. ఇంత బాగా రాకూడదు."

"బాగా రాకపోతే ఏడుపు, వస్తే ఏడుపూనా?" అన్నాడు మొగుడు.

ఆమె బన్ను తుంచి లాగింది. అది సాగింది. అప్పుడే మేనమామ కొత్త బస్తాతో స్కూటర్ దిగాడు.

"మామయ్యా, పిండిలో ఏం కలిపావు?"

ఆయన ముఖం వెలిగిపోయింది. "కనిపెట్టేశావా! బ్రెడ్డు విరిగిపోతోందని నువ్వు దిగులు పడుతుంటే చూడలేకపోయానే తల్లీ. జిగురొస్తుందని బస్తాకి బుట్టెడు గోధుమపిండి వేశా. కొసరులే, డబ్బులొద్దు."

"పిల్లకి పడదని తెలుసు కదా!"

"అంత వేడిలో కాలాక గోధుమ గుణం ఇంకెక్కడుంటుందే?"

ఆమె కొత్త బస్తాను గుమ్మం బయటికి ఈడ్చింది. విసరలేదు; ఆ బస్తాను విసరడానికి ఆమె ఏమైనా పహిల్వానా? ఒరిగి ఆయన కాలి వేళ్ళ మీద పడింది, అంతే. ఎంత కాల్చినా ఆ గుణం పోదని, పిల్ల బన్ను తినబోయిందని తెలిశాక ఆయన అరుగు మీద కూలబడి, "నోటిదాకా పోయిందా!" అని కళ్ళు తుడుచుకున్నాడు. బన్నులు మా ఇంటికొచ్చాయి, మాకు గోధుమ భేషుగ్గా పడుతుంది. ఆమె ఓవెన్, గిన్నెలు, బల్లలు అన్నీ తోమి కడిగింది. వచ్చిన తల్లులకు గుమ్మంలోనే నిలబడి, "పిండిలో గోధుమ కలిసింది, ఇవాళ ఏమీ అమ్మను" అని ఉన్నదున్నట్టు చెప్పి పంపేసింది.

ఇక మేనమామ బేరం ముగిసిందనుకున్నాం. వారం తిరక్కుండానే ఆయన స్కూటర్ మళ్ళీ అదే గుమ్మం ముందు, వెనక బియ్యప్పిండి బస్తాతో! నాకు ముద్ద దిగలేదు. వెళ్ళి అడిగేశాను.

"ఏమే, మళ్ళీ ఆయన పిండేనా? నీకు బుద్ధుందా?"

"ఊళ్ళో మరలన్నీ తిరిగాను పెద్దమ్మా. అందరూ మాది స్వచ్ఛం అన్నవాళ్ళే. అడగ్గానే 'కలిపాను' అన్నది మా మామయ్య ఒక్కడే. అలాంటి మనిషిని వదులుకుని ఇంకెవరిని నమ్మమంటారు? కాకపోతే ఆ చిన్న మర గది తాళంచెవి ఇప్పుడు నా దగ్గరుంది. ఆడించే రోజు నేనే వెళ్ళి తీస్తాను. మామయ్యను మాత్రం జేబులు దులిపి, చేతులు కడిగించాకే లోపలికి రానిస్తున్నాను."