జైనబీ గిన్నెలో సత్తెక్క సద్ది

మొన్న సద్దుల బతుకమ్మ మర్నాడు, సైనిక్‌పురిలోని మా ఇంట్లో పొద్దున్నే పులిహోర వాసన ముక్కుకు తగిలింది. రాత్రి మిగిలినదాన్ని కోడలు మూకుడులో వేసి వేడి చేస్తోంది. ఒక రాత్రి నిలవున్న పులిహోరలో చింతపండు, ఇంగువ, నువ్వులపొడి మెతుకులోకి దిగి, మొదటిరోజు లేని వాసన ఒకటి వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, నేను సైనిక్‌పురిలో ఉండను. మారేడ్‌పల్లిలో మా అత్తవారి వంటింట్లో, కొంగు నడుముకు దోపుకుని నిలబడ్డ సత్తెక్క పక్కన ఉంటాను.

సత్తెక్క నా తోబుట్టువు కాదు, మా ఆయన అన్నగారి భార్య. నేను కొత్తకోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికే అత్తగారు పోయారు, ఇల్లంతా సత్తెక్క చేతి మీద నడిచేది. మనిషి పొట్టి. గొంతు అంతకన్నా చిన్నది. ఆ గొంతు హెచ్చగా నేనెప్పుడూ వినలేదు. కానీ ఇంటినిండా చుట్టాలు దిగిన పండగపూట ఆమె మాట దాటినవాళ్ళనూ చూడలేదు. నాకు వండడం నేర్పింది మా అమ్మ. వండింది ఎవరికెలా చేరాలో నేర్పింది మాత్రం సత్తెక్కే. ఆమెకు తోటికోడలినని చెప్పుకోవడం ఈ వయసులో కూడా నాకు గొప్పగానే ఉంటుంది.

మా ఇంట్లో సద్దులు ఎప్పుడూ తినేవాళ్ళకు మించి కలిపేవారు. సాయంత్రం బతుకమ్మను సాగనంపి అందరం తిన్నాక మిగిలిన పులిహోర, నువ్వుల సద్ది, రొట్టె బెల్లం కలిపిన మలీద ముద్దలు మర్నాడు పొద్దున చుట్టుపక్కల ఇళ్ళకు పోవాలి. అదీ ఇంట్లో ఎవరూ ముద్ద నోట్లో పెట్టుకోకముందే. మొదటి ఏడు నాకు ఆకలి ఆగలేదు. "తిన్నంక పంచుదాం అక్కా" అన్నాను. ఆమె చెయ్యి ఆపకుండానే, "ఆకలి మీదనే పంచాలె పిల్లా. కడుపు నిండినంక పంచితె పిడికెడు పెట్టి ఇంత చాలు అంటం" అంది. గిన్నె అడుగున మిగిలిన ముక్కలు మెతుకులు మాకు, పైనున్న మంచిది పొరుగువాళ్ళకు. ఎవరి గిన్నె అయినా నిండుగా మా ఇంటికి వస్తే అది ఖాళీగా తిరిగి పోకూడదు. ఇంట్లో ఏమీ లేని రోజున చిటికెడు చక్కెరయినా వేసి పంపేది.

చుట్టాలతోనూ ఆమె పద్ధతి ఆమెకుండేది. ఎవరి గుణం ఏమిటో కనిపెట్టి, ఆ గుణానికే ఒక పని అప్పజెప్పేది. పక్కవాళ్ళ విస్తట్లో తనకన్నా ఎక్కువ పడిందని మూతి ముడిచే మేనత్త చేతికి గారెల గంప ఇచ్చి వడ్డించమనేది. ఇక ఆమె ఎవరి విస్తరిలోకీ తొంగిచూసే తీరిక ఉండేది కాదు. మా మామగారి తమ్ముణ్ణి మేమంతా చిన్నమామ అనేవాళ్ళం. నల్గొండ వైపు పల్లెలో సేద్యం ఆయనది. ప్రతి పండగకూ వచ్చి ప్రతి వంటకూ వంక పెట్టేవాడు. అందుకని ఉప్పు చూసే పని ఆయనకే. పొయ్యి దించగానే కాస్త ఆయన అరచేతిలో పెట్టి, "మీరు బాగుందంటెనే వడ్డిస్త మామా" అనేది సత్తెక్క. తనే బాగుందన్నాక బంతిలో కూర్చుని వంక పెట్టడం ఆయనకు కుదిరేది కాదు. నేను నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

చిన్నమామ ప్రతి పండగకూ ఒక పాత కథ ఎత్తుకునేవాడు. ఎప్పుడో తన చెల్లెలి అత్తగారింటికి గిన్నెడు భక్షాలు పంపితే, వాళ్ళు గిన్నె కడిగి ఖాళీగా పంపారట. అప్పటినుంచి ఆయన ఆ గడప తొక్కలేదట. "ఖాళీ గిన్నె పంపుడంటె మొహం మీద తలుపేసుడే" అనేవాడు. విని విని మాకు కంఠతా వచ్చింది. మేం విసుక్కున్నా సత్తెక్క మాత్రం ప్రతిసారీ కొత్తగా విన్నట్టే వినేది.

తరవాత రజాకార్ల రోజులు వచ్చాయి. సికింద్రాబాదులో మేం భయంభయంగానైనా పొయ్యి వెలిగించుకోగలిగాం. చిన్నమామకు ఆ పొయ్యి కూడా మిగలలేదు. రజాకార్లు ఆయన ఇల్లు, కొట్టం తగలబెడితే, చిన్నత్తను వెంటబెట్టుకుని కట్టుబట్టలతో మా ఇంటికి చేరాడు. అన్నింటికీ వంక పెట్టే ఆ మనిషి, ఏం పెడితే అది తిని గోడవైపు తిరిగి పడుకునేవాడు. అది చూడలేక సత్తెక్క వంటింట్లో కళ్ళు తుడుచుకునేది.

మా ప్రహరీకి అవతల ఖాసిం, జైనబీ ఉండేవాళ్ళు. ఖాసిం ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. వాళ్ళింట్లో మాటలన్నీ తెలుగులోనే. ఆ ఏడు రంజాన్‌కు జైనబీ గిన్నెడు షీర్ ఖుర్మా పంపితే అందరం తిన్నాం. అప్పటికి చిన్నమామ ఇంకా రాలేదు. గిన్నె తిరిగి పంపేలోగా రోజులు పాడయ్యాయి. పోలీస్ యాక్షన్ మొదలయింది, చూస్తుండగానే ముగిసింది. మిలిట్రీ బండ్లు మా రోడ్డు మీదుగా పోతుంటే వీధంతా కేకలు వేసింది, మేమూ సంతోషించాం. ఖాసిం ఇంటి తలుపు మాత్రం ఆనాడు మూసుకుని మళ్ళీ తెరుచుకోలేదు. పల్లెల్లో వాళ్ళవాళ్ళ మీద జరుగుతున్నవాటి గురించి చెడ్డ కబుర్లు వస్తున్నాయి. లోపల మనుషులున్నారని పొద్దుటి పొగను బట్టి తెలిసేది. కళాయి కొలిమి రాజలేదు. జైనబీ గిన్నె మా వంటింటి గూట్లో బోర్లించి ఉంది.

ఆ తరవాత కొన్నాళ్ళకే సద్దుల బతుకమ్మ వచ్చింది. మర్నాడు పొద్దున మగవాళ్ళు, చుట్టాలు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. సత్తెక్క గిన్నెలు వరసగా పెట్టి సద్దులు పంచుతోంది.

"గా చివరి గిన్నె ఎవరిది?" అన్నాడు చిన్నమామ.

"పక్కింటి జైనబీది మామా."

ఆయన విస్తరి ముందునుంచి లేచాడు. "నా ఇల్లు కాలవెట్టినోళ్ళకు ఈ ఇంట్ల సద్ది పోతదా? పోతె పోనియ్యి. నేనీ ఇంట్ల మెతుకు ముట్ట. నా పెండ్లాన్ని తీస్కొని ఇప్పుడే పోత."

ఆయనకు పోవడానికి చోటు లేదని అక్కడున్న ప్రతివాళ్ళకూ తెలుసు. విస్తరి ముందునుంచి లేచినవాడు గడప దాటితే, మళ్ళీ రావడానికి ఆయన అభిమానం ఒప్పుకోదు. గిన్నె పోకపోతే ఆ పక్కింటి తలుపు ఇక మా కోసం తెరుచుకోదు. చిన్నత్త ఏడుపు మొదలుపెట్టింది. మా బావగారు తల వంచుకుని, "ఆ గిన్నె పక్కకు పెట్టరాదు" అన్నారు భార్యతో.

ఖాసిం ఎవరి ఇల్లూ తగలబెట్టలేదు. నేనయితే ఆ మాటే అనేసి గొడవ పెద్దది చేసేదాన్ని. సత్తెక్క అనలేదు. చేతులు కడుక్కుని చిన్నమామ ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇల్లు కాలిన దుఃఖం మీది మామా. దాని మీద నేను మాట్లాడ. ఈ గిన్నె ముచ్చటొక్కటి చెప్పున్రి. రంజాన్‌కు నిండుగ వచ్చింది, మేం తిన్నం. ఇప్పుడు ఖాళీగ పంపాల్నా? మీరు పెద్దోళ్ళు. పంపుమంటె పంపుత."

"పంపకు. ఇంట్లనే ఉంచుకో."

"పరాయోళ్ళ గిన్నె దాపెట్టుకున్నరని రేపు ఎవరన్న అంటె, మాట మీకే గద వస్తది."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడుగుతోంది. చిన్నమామ గిన్నె వంక చూశాడు, వాకిలి వంక చూశాడు. అప్పుడు సత్తెక్క పెద్ద గిన్నెలోంచి కాస్త పులిహోర తీసి, ఎప్పటిలాగే ఆయన ముందుకు చెయ్యి చాచింది. ఆయన అరచెయ్యి తెరిచి పట్టాడు. నోట్లో వేసుకుని మెల్లగా నమిలాడు.

"ఉప్పు తక్కువుంది" అన్నాడు. "గిట్ల పంపితె మన పరువు పోతది."

అని వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. నిన్న అందరం లొట్టలేసుకుంటూ తిన్న పులిహోర అది, ఉప్పు సరిగ్గానే ఉంది. అయినా సత్తెక్క ఉప్పు వేసి మళ్ళీ కలిపింది. ఆ పూట అందరం కాస్త ఉప్పగానే తిన్నాం. నేను అంతకన్నా రుచిగా ఎన్నడూ తినలేదు.

గిన్నె ఇవ్వడానికి సత్తెక్క నన్నూ వెంట తీసుకెళ్ళింది. తలుపు తడితే చప్పుడు లేదు. "జైనబీ, నేను సత్తెమ్మను. నీ గిన్నె తెచ్చిన" అంది. గడియ తీసిన చప్పుడయింది. జైనబీ మొహం సగానికి పీక్కుపోయి ఉంది. గిన్నెను రెండు చేతులా అందుకుంది.

"మీ మామ ఇల్లు కాలవెట్టిన్రంట గద అక్కా. ఆయనకు మా మీద కోపం లేదా?"

"ఉంది" అంది సత్తెక్క. "ఉప్పు సుత ఆయనే చూసిండు. తిను."

జైనబీ ఏడుస్తూనే నవ్వింది. నేను కూడా.

వెంటనే బక్రీద్ వచ్చింది. ఖాసిం గిన్నెడు సేమ్యా పట్టుకుని మా వాకిట్లో నిలబడ్డాడు. అరుగు మీద చిన్నమామ ఒక్కడే ఉన్నాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఖాసిం గిన్నె ఆయన పక్కన పెట్టాడు. చిన్నమామ మూత తీసి, వేలితో కాస్త తీసి నాలుక మీద వేసుకున్నాడు.

"చక్కెర జెర ఎక్కువైంది" అన్నాడు.

"పాలు పల్చగ దొరుకుతున్నయి పెద్దయ్యా. దానికే" అన్నాడు ఖాసిం.

వాళ్ళిద్దరూ స్నేహితులయ్యారని చెప్పను. చిన్నమామ ఆ ఇంటి గడప ఎన్నడూ తొక్కలేదు, ఊరికి తిరిగి వెళ్ళేదాకా కాలిన ఇంటి సంగతి మరిచిపోనూ లేదు. కానీ ఆయన మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ గిన్నె ఎటు పోయినా, "ఏం వేసిన్రు?" అని అడిగి మరీ పంపేవాడు. ఖాసిం కొలిమి మళ్ళీ రాజింది. ఆ దీపావళికి మా గిన్నెలన్నీ కళాయితో మెరిసిపోయాయి.

జైనబీ పిల్లలు తరవాత బొల్లారం వెళ్ళి స్థిరపడ్డారు. సత్తెక్క పోయింది, జైనబీ పోయింది. గిన్నె మాత్రం ఇంకా రెండిళ్ళ మధ్య తిరుగుతూనే ఉంది. మొన్న ఈద్‌కు వచ్చి మా గూట్లో కూర్చుంది, ఇప్పుడు వంతు మాది. ఈ పండగకు నా పెద్దకొడుకు తమ్ముడితో మాట్లాడడం మానేశాడు. ఏదో పట్టింపు. ఇద్దరూ చెరో మూల కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. కోడలు తినడానికి రమ్మంది. నేను గూట్లోంచి ఇత్తడి గిన్నె దించి పులిహోర నింపాను. చిన్నవాణ్ణి పిలిచి అరచేతిలో కాస్త పెట్టి ఉప్పు చూడమన్నాను. సరిపోయిందన్నాడు. అన్నను కూడా అడగమన్నాను. వాడు ఇటు చూశాడు, అటు చూశాడు, చివరికి లేచి వెళ్ళి అన్న చేతిలో పెట్టాడు.

"జెర తక్కువుందిరా" అన్నాడు పెద్దవాడు.

నేను ఉప్పు డబ్బా అందించాను. గిన్నె ఇద్దరి చేతికీ ఇచ్చి బొల్లారం పంపించాను. కారు మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి చూసి, అప్పుడు వచ్చి విస్తరి ముందు కూర్చున్నాను.