శవమెక్కని కారు

సుంకులమ్మను మా ఎమ్మిగనూరులో చాలామంది నోరుగల మనిషి అనేవాళ్ళు. నేను ఒప్పుకోను. నోరుగలవాళ్ళు ఎలా ఉంటారో నాకు తెలుసు, మా బడి స్టాఫ్ రూములోనే అరడజను మంది ఉన్నారు. సుంకులమ్మ అవసరమైన చోట ఒక మాట అనేది. అనిపించుకున్నవాళ్ళకు అది నోరుగా తోచింది, అంతే.

ఆమె పుట్టిల్లు మద్దికెర. భర్త నాగప్పది గోనెగండ్ల. మంత్రాలయం రోడ్డు మీద మా ఇంటికి ఎదురుగా హనుమంతరాయుడి వెల్డింగు షాపు ఉండేది. నాగప్ప అందులో రేకు పని చేసేవాడు. సొట్టపడ్డ లారీ తలుపులు, ట్రాక్టరు మడ్‌గార్డులు సుత్తితో కొట్టి సాపు చేసేవాడు. షాపు వెనక రేకుల కొట్టంలో ఆ ఇద్దరి కాపురం. పిల్లల్లేరు. సుంకులమ్మకూ అక్కడే పని. నాగప్ప సాపు చేసిన రేకు మీద లప్పం పెడితే ఆమె ఉప్పుకాగితం నీళ్ళలో ముంచి నున్నగా రుద్దేది. రుద్ది రుద్ది వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర సరిగా పడటం లేదని నా దగ్గరికి వచ్చి సంతకం నేర్చుకుంది.

ఎనభయ్యో సంవత్సరంలో హనుమంతరాయుడికి బళ్ళారిలో ఒక పాత హెరాల్డ్ కారు తుక్కు కింద దొరికింది. పైనంతా తుప్పు. ఇంజనూ అడుగు చట్రమూ మాత్రం గట్టిగా ఉన్నాయి. ఆ ఏడాదే ఏదో టైర్ల కంపెనీ క్యాలెండరు షాపుకు వచ్చింది. దాని మీద ఒక ఫారిన్ రేసు కారు బొమ్మ. ఎర్రటిది, పైకప్పు లేదు, ఇద్దరే కూర్చోవాలి, నేలను కరుచుకున్నట్టు ఉంది. రాయుడి కళ్ళు దాని మీద పడ్డాయి.

"నాగప్పా, మన హెరాల్డును ఇట్ల చేస్తే ఎట్లుంటాది?"

"చేస్తా అన్నా. కానీ దీని వెనకపక్క ఎట్లుంటాదో బొమ్మలో ల్యాకపాయ."

"వెనకపక్క యావడు సూస్తాడప్పా! ముందర సూసే కొంటారు."

నాగప్ప నెలల తరబడి రేకు వంచాడు. ముందు భాగం, పక్క భాగం అచ్చం బొమ్మలాగే వచ్చాయి. వెనక భాగం తన బుర్రతో చేసుకున్నాడు. స్కూటరు లైట్లు రెండు తెచ్చి బిగించాడు. అది చూసి సుంకులమ్మ, "ముందర దొరసాని, వెనక మా మద్దికెర ఎనుము" అని ఒకటే నవ్వు. నాగప్ప కూడా నవ్వాడు. రాయుడు మాత్రం నవ్వలేదు. అమ్మకానికి పెట్టినన్నాళ్ళూ దాని వెనకభాగం గోడకు ఆనించే ఉంచాలని అప్పుడే తేల్చేశాడు.

అమ్మకం సంగతి కూడా చెప్పాలి. కర్నూలు నుంచి మంత్రాలయం పోయే కార్లన్నీ మా రోడ్డు మీదుగానే పోతాయి. బేస్తవారం వచ్చిందంటే డబ్బున్న భక్తులు వరస కట్టేవారు. ఆ రోజు తెల్లవారేసరికి కారును షాపు ముందు పలకల మీదికి ఎక్కించేవారు. టైర్లకు నూనె, అద్దానికి బూడిద, ముందు బంపరుకు నిమ్మకాయలూ మిరపకాయలూ. సీట్లకు కొత్త రెక్సిను, దాని మీద ప్లాస్టిక్ తొడుగు. పోయే కార్లు నిజంగానే ఆగేవి. మగవాళ్ళు దిగి చుట్టూ తిరగబోతే రాయుడు అడ్డం వచ్చి, "ఈ పక్క నుంచి సూడండి సార్, ఈ పక్క నుంచి" అనేవాడు. బొంబాయిలో ఓడ దిగిందని చెప్పడానికి కూడా వెనకాడలేదు. ఆ మాటలు వింటూ నాగప్ప పక్కనే సుత్తి పట్టుకుని నిలబడి ఉండేవాడు!

నాగప్పకు ఉన్నది ఒకే కోరిక. సుంకులమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి ఆదోని దాకా పోయి రావాలి. ఎన్నిసార్లు అడిగాడో! "అమ్ముడుపోయే దాకా ఆ సీట్ల మీద ఎవురూ కూచోగూడదు" అనేవాడు రాయుడు. పోనీలే, అతని సొత్తు.

ఆ శ్రావణంలో కారు వెనక రేకు అంచు తగిలి నాగప్ప అరచేయి తెగింది. రేకు పనివాడికి అదొక దెబ్బా? పసుపు అద్ది గుడ్డ కట్టుకున్నాడు. పది రోజులకు దవడలు బిగుసుకున్నాయి. మాట రాలేదు. ఇంకొంచెం సేపటికి వెన్ను విల్లులా వంగింది. ఊళ్ళో డాక్టరు చూసి, ధనుర్వాతం, నిమిషం ఆలస్యం చేయకుండా ఆదోని పెద్దాసుపత్రికి తీసుకుపొండి, కుదుపు మాత్రం తగలకూడదు, కుదుపు తగిలితే ఫిట్లు ఎక్కువవుతాయి అన్నాడు.

అవి రాఘవేంద్రస్వామి ఆరాధన రోజులు. ఊళ్ళో ఉన్న టాక్సీలూ జీపులూ అన్నీ మంత్రాలయంలోనే ఉన్నాయి. నేనూ అక్కడే ఉన్నాను. బస్సు చూస్తే సాయంత్రం దాకా లేదు. ఎదురుగా ఉన్నది ఎర్ర కారు ఒక్కటే.

సుంకులమ్మ రాయుడి కాళ్ళు పట్టుకుంది. తర్వాత ఆమే నాకు చెప్పింది, కన్నీళ్ళు లేకుండా, పళ్ళు కొరుకుతూ చెప్పింది. అతను కాళ్ళు వెనక్కి లాక్కున్నాడట. "రేపు కర్నూలు నుంచి సూడ్డానికి వస్తాండారమ్మా. నోట్లోంచి సొంగ కారుతాంది, సీట్లు పాడైతాయి. దావలో ఏమన్నా అయితే శవం మోసిన బండిని యావడు కొంటాడు?" అన్నాడట. కడకు షాపు వెనక సందులోంచి ఒక నందవరం రైతు తన ఎద్దుల బండి కట్టాడు. ఆ బండి ప్రతి గుంతలో పడినప్పుడల్లా నాగప్ప ఒళ్ళు ఎగిరి పడింది. ఆదోని కొండలు కనిపించే చోట ప్రాణం పోయింది. అట్నుంచి అటే గోనెగండ్లకు తీసుకుపోయి మట్టి చేశారు. కుదుపు తగలకూడదన్న మనిషిని బండరాళ్ళ దారిలో ఎద్దుల బండి ఎక్కించారంటే, ఇప్పటికీ నాకు కడుపు రగిలిపోతుంది.

ఆరాధన ముగిసి ఊరు తిరిగొచ్చింది. వచ్చినవాళ్ళంతా రాయుడిని పలకరించారు. "పాపం నాగప్ప! నీ కార్లోనే ఎత్తుకుపోయుంటావు గదన్నా?" అన్నారు. ఎవరికైనా అట్లాగే అనిపిస్తుంది కదా. కారు ఎదురుగా పెట్టుకుని పనివాణ్ణి ఎడ్లబండిలో పంపించే మనిషి ఉంటాడని ఎవరు అనుకుంటారు? రాయుడు తల వంచి, "పోయినాంలే అప్పా, ఏం లాభం, వాని రాత బాగల్యా" అన్నాడు. ఊరు మెచ్చుకుంది. ధర్మాత్ముడంది. అతను తేలు కుట్టిన దొంగలా ఆ మెప్పంతా మింగి ఊరుకున్నాడు.

నేను అగ్గినై లేచాను. సుంకులమ్మ నా చేయి పట్టుకుని ఆపింది. "వద్దు టీచరమ్మా. కొట్టం ఖాళీ చేయమంటే నేను యాడికి పోదును? పుట్టింట్లో ఎవురూ లేరు" అంది. ఊరుకోక ఏం చేస్తాను.

ఆ తర్వాత మొదలైంది అసలు సంగతి. కొనడానికి వచ్చినవాళ్ళు రాయుడితో బేరమాడి, సోడా తాగొస్తామని అంగడికి పోయేవాళ్ళు. అక్కడ ఎవరో ఒకరు రాయుడి మంచితనం పొగిడేవారు. "ధర్మాత్ముడండీ, సావు బతుకుల్లో ఉన్న పనోణ్ణి ఈ కొత్త కార్లోనే ఎత్తుకుపోయినాడు. దావలోనే పాయ పాపం." అంతే, సోడా సగంలో వదిలేసి వాళ్ళ కారెక్కి వెళ్ళిపోయేవారు. రాయుడు పసుపునీళ్ళతో కడిగించాడు, గుమ్మడికాయ కొట్టించాడు, రేటు తగ్గించాడు. ఎవరూ దగ్గరికి రాలేదు. పోనీ నేను ఎక్కించుకోలేదు మొర్రో అందామంటే అప్పుడు ఊరు మొహాన ఉమ్మేస్తుందని భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకు ఎంత సంతోషమైందో దాచుకోను.

ఇంకో ఏడాది గడిచాక ఆదోని నుంచి పత్తి వ్యాపారి వీరభద్రయ్య కబురు పెట్టాడు. కొడుకు పెళ్ళి మెరవణికి, అంటే ఊరేగింపుకు, ఈ కారే కావాలట. కానీ శవమెక్కిన బండిలో పెళ్ళికొడుకును ఎక్కించను, ఆ సంగతి తేల్చుకోవడానికి నేనే వస్తా అన్నాడు. ఆ సాయంత్రం రాయుడు కొట్టం గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేను సుంకులమ్మ దగ్గరే ఉన్నాను.

"సుంకులమ్మా, రేపు ఆయప్ప వస్తాడు. నాగప్పను కార్లో ఎక్కించల్యా అని ఒక్క మాట సెప్పు. నిజమే గదా."

"ఎక్కిస్తివి గదన్నా. ఊరంతా నువ్వే సెప్పినావే."

"అది ఊరి నోరు మూసేదానికి అన్న మాట."

"అట్లయితే నువ్వే తెరువు."

"నీకేం పోతాది? అబద్ధం సెప్పమంటానా?"

"నా మొగుణ్ణి కుక్క మాదిరి సావనిచ్చినావని, నీ బేరం కోసం నేను సెప్పాల్నా? నీ నోటితో నువ్వే సెప్పు. అందరూ ఇనేట్టు సెప్పు. నాకు ఇంగేమీ వద్దు."

మరుసటి రోజు వీరభద్రయ్య పెద్ద అంబాసిడర్లో దిగాడు. నుదుట విభూతి, చేతిలో గొడుగు. కారును ముందు నుంచీ పక్క నుంచీ చూసి నచ్చిందన్నాడు. ఊరు సగం అక్కడే ఉంది. అతను సుంకులమ్మను పిలిపించి అడిగాడు.

"నీ మొగుణ్ణి ఈ కార్లోనే ఎత్తుకుపోయినారా తల్లీ?"

సుంకులమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. "అవునప్పా. నా మొగుని తలకాయ తన తొడ మీద పెట్టుకొని మరీ ఎత్తుకుపోయినాడు. ఇట్లాంటి మారాజు యాడుంటాడు!"

వీరభద్రయ్య గొడుగు తీసుకుని వెనక్కి తిరిగాడు. హనుమంతరాయుడి మొహం మాడిపోయింది. ఒక్క అంగలో అడ్డం వచ్చి, "లేదు సామీ! అబద్ధం! నేను ఎక్కించల్యా! ఎడ్లబండిలో పోయినారు, ఒట్టు!" అని అరిచాడు.

జనం గుసగుసలాడారు. వీరభద్రయ్య ఆగాడు. ప్రమాణం చేయడానికి కర్పూరం తెప్పించమన్నాడు. రాయుడి అరచేతిలో కర్పూరం వెలిగించారు.

"కారు ఈడనే ఉండె గదా. ఎందుకు ఎక్కించుకోల్యా?"

"దావలో సస్తే బండి అమ్ముడుపోదని, సామీ."

"ఆయమ్మ అడగల్యా?"

"అడిగింది. కాళ్ళు పట్టుకున్యాది. అయినా నేను ఇయ్యల్యా. ఇది సత్యం." పిడికిలి మూసి మంట ఆర్పాడు.

నేను వీరభద్రయ్య మొహం వైపే చూస్తున్నాను. పెద్దమనిషి, విభూతి పెట్టుకున్నవాడు, ఇప్పుడు అంటాడు, ఇప్పుడు ఉమ్మేస్తాడు అనుకున్నాను. అతను గొడుగు డ్రైవరు చేతికిచ్చి రాయుడి భుజం తట్టాడు.

"మంచి పని చేసినావప్పా. ముందుచూపు ఉన్నోడివి. నీ మాదిరి మనిషి దగ్గర వస్తువు కొంటే భయం ల్యా."

అక్కడికక్కడే బేరం ముగిసింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, అవి చితికాయి, కారు ఆదోని దారి పట్టింది.

సుంకులమ్మ జనం వైపు తిరిగింది. "ఇన్నారు గదా? అందరూ ఇన్నారు గదా?" అంది. కొందరు తల దించుకున్నారు. ఒకాయనకు ఏదో పని గుర్తొచ్చింది. రోడ్డు ఖాళీ అయింది.

రాయుడి అరచేయి బొబ్బలెక్కింది. నాలుగు రోజులు వెల్డింగు కడ్డీ పట్టుకోలేక షాపు ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఊళ్ళో ఏ ఇనుప ముక్క విరిగినా అతికించే మిషను అతని దగ్గరే ఉంది మరి. వచ్చినవాళ్ళంతా ఆగి, "అయ్యో, చేయి కాలిందే అన్నా! వెన్న పూసినావా?" అని పరామర్శించి పోయారు. నాగప్ప పోయినప్పుడు కొట్టం గడప తొక్కనివాళ్ళు కూడా వచ్చారు.