దాసరయ్య తీసుకోని పంచెలచాపు

మా ఊరి బడిలో ఐదు తరగతులు చదివి, ఆళ్లగడ్డ తాలూకాలో ముప్ఫై ఏళ్లు రోడ్డు మేస్త్రీగా చేసినవాణ్ణి నేను. మూడు కల్వర్టులు నా చేతి మీదుగా లేచాయి. నన్ను చూపించి, ఇస్సాకు టేపు పడితే మళ్లీ కొలవనక్కర లేదని ఓవర్సీరే నలుగురిలో అన్నాడు.

1979లో నంద్యాలలో ఇల్లు మొదలుపెట్టాను. అప్పటికి నా భార్య జయమ్మ పోయి ఏడాది. పిల్లలు లేరు. గోడలు కట్టింది ఆళ్లగడ్డ దాసరయ్య. ఐదు నెలలు పని దగ్గరే గుడిసె వేసుకొని ఉన్నాడు. పొద్దున జొన్నరొట్టె నాకూ ఒకటి కాల్చేవాడు. జయమ్మ తరువాత నా ఎదురుగా కూర్చొని తిన్న మనిషి అతనొక్కడే.

ఇంట చేరే రోజు కట్టినవాడికి బట్టలు పెట్టడం మాలో ఆనవాయితీ. గోడలు నడుమెత్తు లేచినప్పుడే పంచెలచాపు కొన్నాను. ఇంట చేరే ప్రార్థన నాడు అది కట్టుకొని అతను నా పక్కన కూర్చోవాలని నా ఆశ.

కొలతల దగ్గర తేడా వచ్చింది. చదరపు అడుగు గోడకు ఇంత కూలి అని కాగితం నేనే రాశాను. గోడంటే గోడే కదా అని తలుపుల, కిటికీల ఖాళీ తీసేశాను. మూడు వందల అరవై రూపాయలు తగ్గింది.

"సందులు గూడా కలపాలన్నా. మా కొలత అట్లే," అన్నాడు దాసరయ్య.

"కాగితంలో యాడుంది?"

"నాకు చదువు రాదని తెలిసే అడుగుతాండావా?"

రిటైరైన హెడ్మాస్టరు ఆనందరావు సారును మధ్యవర్తిగా పెట్టుకున్నాం. ఆయన మాటకు కట్టుబడతామని నేను సంతకం, అతను వేలిముద్ర వేశాం.

"ఖాళీకి కూలి ఏందప్పా?" అని సారు దాసరయ్యను అడిగాడు.

"ఉత్త గోడైతే ఇటుక పేర్చుకుంటా పోతాం సార్. సందు పక్కన వరస వరసకూ దారానికి గుండు కట్టి వేలాడదీసి నిలువు చూడాల. ఆడనే పని ఎక్కువ. ఈ అన్న రోడ్లేసిన మనిషి. రోడ్డుకు తలుపులుండవు గదా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు.

"ఇస్సాకూ, వాళ్ల వాడుకే చెల్లుతాది," అన్నాడు సారు. "వద్దనుకుంటే ముందే రాయాల్సింది."

అక్కడికక్కడే ఇచ్చేశాను. ఒకరికి రూపాయి బాకీ ఉంచిన మనిషిని కాను. తరువాత లోపలికి పోయి పంచెలచాపు తెచ్చాను.

"ఎల్లుండి ప్రార్థన. కట్టుకొని రా."

అతను దాన్ని బల్ల మీద పెట్టాడు. "దుడ్లు ముట్టినాయన్నా. నాకు రావల్సిందానికి నలుగుర్లో నిలబెట్టినావు. ఇంగ గుడ్డలెందుకు."

సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. ప్రార్థనకు అరవై మంది వచ్చారు. నా పక్కన పాస్టరు కూర్చున్నాడు.

రెండుసార్లు ఆళ్లగడ్డ వెళ్లాను. పనికి మహానంది పోయాడని ఒకసారి, నందికొట్కూరు పోయాడని ఇంకోసారి ఇంట్లోవాళ్లు చెప్పారు.

ఇప్పటికి తొమ్మిదేళ్లు. గోడల్లో ఒక్క పగులు లేదు. ఇల్లు కట్టుకునేవాళ్లు వచ్చి చూసి పోతారు. ఎండాకాలంలో పెట్టె తీసి, పంచెలచాపు ఆరవేసి, మళ్లీ అవే మడతల మీద మడిచి పెడతాను.