ఒకే కప్పు, రెండు సంతకాలు

మా వీధిలో అందరూ ఆయనను గొట్టాల మామ అంటారు. కుళాయి కారినా, మోటారు మొరాయించినా ఆయనే రావాలి. ఇంటికప్పు మీద పడే వాననీటిని తొట్టిలో పట్టుకునేవారికి ప్రభుత్వం సగం ఖర్చు ఇస్తుందని తెలిసినప్పటినుంచి ఆయనకు ఊపిరి సలపలేదు. గొట్టాలు బిగించడమే కాదు, చదువురాని వాళ్ల దరఖాస్తులు తానే నింపి ఆఫీసులో ఇచ్చి వచ్చేవాడు. అందుకు గుక్కెడు టీ తప్ప ఏమీ పుచ్చుకునేవాడు కాదు.

ఆయన ఇంటికి మాత్రం తొట్టి లేదు. ఆయన భార్య, మా అందరికీ అత్త, మోకాళ్ల నొప్పితోనే వీధి చివరి కుళాయి నుంచి బిందెలు మోసేది. ఆ ఇల్లు అన్నదమ్ములది. మధ్యలో గోడ లేచింది గాని, పైన రేకుల కప్పు ఒక్కటే. దరఖాస్తు మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. వడ్రంగి పని చేసే అన్నతో మామకు మాటల్లేక ఆరేళ్లు.

గడువు రేపటితో ముగుస్తుందనగా కాగితం పట్టుకుని మామ తన అన్న గుమ్మం తొక్కాడు. అన్న ఎదురుగానే కూర్చుని కుర్చీ కాలు చెక్కుతున్నాడు. వదిన వాకిలి ఊడుస్తోంది.

"వదినా, ఒక సంతకం కావాలని చెప్పు."

"దేనికో అడగవే," అన్నాడు అన్న, తల ఎత్తకుండా.

"వాననీళ్ల తొట్టికని చెప్పు వదినా."

"వీధిలో అందరి ఇళ్లూ అయ్యాక ఇప్పుడు గుర్తొచ్చామా అని అడుగు."

వదిన చీపురు పడేసింది. "నేనేమన్నా పోస్టుమాన్‌నా? పొయ్యి మీద పాలున్నాయి. మీ మాటలు మీరే మోసుకోండి," అంటూ లోపలికి పోయింది. అసలు పొయ్యే వెలిగించలేదని తరవాత ఆవిడే నాతో చెప్పి నవ్వింది. ఆ వేళకు ఆమెకా బుద్ధి పుట్టించిన దేవుడికి నేనిప్పటికీ దండం పెట్టుకుంటాను.

చివరకు అన్నే ఉలి పక్కన పెట్టి చేయి చాచి కాగితం తీసుకున్నాడు. అందులో గీసిన బొమ్మ చూసి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఒరేయ్, నీళ్లు ఎగువకు పారతాయిట్రా? కప్పు వాలు ఇటుంటే తొట్టి నీ వైపు గీశావేం? ఆఫీసులో మొహాన కొడతారు."

"తెలుసు."

"తెలిసే గీశావా?"

"నీ పెరట్లో పెడతానని ఏ మొహం పెట్టుకుని రాయను అన్నయ్యా?"

అన్న చెవి వెనక పెన్సిలు తీసి ఆ తొట్టిని కొట్టేశాడు. తన పెరట్లో ఇంకోటి గీశాడు. దాని నుంచి గోడ మీదుగా అడ్డంగా ఒక గీత లాగాడు.

"ఇక్కడ కన్నం పెట్టి నీ వైపుకో కుళాయి తీసుకో. మరదలు ఆ మోకాళ్లతో చుట్టూ తిరిగి రావాలా?"

సంతకం చేసి కాగితం చేతికివ్వబోయి ఆగాడు. "రేపు నేనూ వస్తా. ఈ కొట్టివేత ఏమిటని వాళ్లడిగితే నువ్వు నోరు విప్పి చావవు."

మర్నాడు ఇద్దరూ ఒకే సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లారు. అక్కడివాళ్లు దరఖాస్తు తీసుకున్నారు. పోతూ వస్తూ తొక్కింది తమ్ముడు, దారి పొడుగునా తిట్టింది అన్న.