బొంగురక్క చివరి కచేరీ

ఆస్పత్రి లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే ఆవిడని అందరూ బొంగురక్క అనేవాళ్ళు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆవిడా నొచ్చుకోకుండా పలికేది. ఆడమనిషికి అంత లావు గొంతు ఉండటం అరుదు. చిన్నప్పుడు బడిలో అందరూ కలిసి పాడుతుంటే టీచరమ్మ పాట ఆపించి, ఈ మగగొంతు ఎవరిదర్రా అని వెతికి పట్టుకుని, ఇకనుంచీ నువ్వు పెదాలు మాత్రం ఆడించు చాలంది. పెద్దయ్యాక ఫోనెత్తి హలో అంటే అవతలివాళ్ళు నమస్కారం సార్ అనేవాళ్ళు. ఈవిడ కూడా దిద్దడం మానేసి, సార్ బయటికెళ్ళారు, ఏమైనా చెప్పమంటారా అని అడిగేది.

ఆ గొంతుని ఇష్టపడ్డ మొదటి మనిషి ఆస్పత్రి బాయిలర్ గదిలో ఉండేవాడు. లాండ్రీకి కావలసిన ఆవిరి అక్కణ్ణుంచే గొట్టాల్లో వచ్చేది. ఆవిరి తగ్గినప్పుడల్లా బొంగురక్క మెట్లు దిగి వెళ్ళి చెప్పేది. ఏళ్ళ తరబడి ఆ హోరులో నిలబడి అతని చెవులు పాడైపోయాయి. సన్నటి గొంతులు అసలే అందేవి కావు. డాక్టర్లూ నర్సులూ చేతులూపుతూ అరుస్తుంటే బిక్కమొహం వేసేవాడు. బొంగురక్క మామూలుగా చెబితే చాలు, చటుక్కున తల తిప్పేవాడు. అందరూ ఈలేసినట్టు మాట్లాడతారు, నీ మాటొక్కటే నాకు మాటలా వినిపిస్తుంది అన్నాడొకసారి. వాళ్ళ పెళ్ళికి అదే నాంది.

పిల్లలు లేరు. భర్త పోయిన ఆడపడుచు వాళ్ళతోనే ఉండేది. తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచిన మనిషి. మంచిదే కానీ పిల్లనగ్రోవి లాంటి గొంతు, తమ్ముడికి ముక్క వినిపించేది కాదు. దాంతో కూరలో ఉప్పు సంగతి నుంచి చుట్టాల కబుర్ల దాకా ప్రతిదీ బొంగురక్క ద్వారా చేరాల్సిందే. "మీ ఆయనకి చెప్పవే" అని ఆవిడ అనడం, ఈవిడ అతనికి చెప్పడం. అక్కాతమ్ముళ్ళకి దుబాసీ పని చేసే మరదలు ఇంకెక్కడైనా ఉంటుందా అని ముగ్గురూ నవ్వుకునేవాళ్ళు.

ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే మాస్టారికి పాటల పిచ్చి. నర్సుల్నీ, వంటామెనీ, కాపలావాళ్ళనీ, పళ్ళ డాక్టర్నీ పోగేసి ఒక బృందం నడిపేవాడు. ఒకరోజు దుప్పట్లు ఇంకా రాలేదేమని బొంగురక్క వరండాలో కేకేయడం విని, ఎక్స్‌రే తీయించుకోడానికొచ్చిన మనిషిని బల్ల మీదే వదిలేసి బయటికొచ్చాడట. పాటకి అడుగున నిలబడే గొంతు లేక మా బృందం పునాది లేని ఇల్లులా ఉంది, నువ్వు రావాలమ్మా అన్నాడు. ఆవిడ నమ్మలేదు. ఇంట్లో చెబితే మొగుడే బయల్దేరదీశాడు. తనూ వెంట వెళ్ళి సాధన జరిగినంతసేపూ గోడవార కుర్చీలో కూర్చునేవాడు. మిగతావాళ్ళంతా ఏం చేస్తున్నారో తెలీదు గానీ నువ్వు మాత్రం బాగా పాడావు అనేవాడు. మాస్టారిని ఆవిడ అన్నయ్యా అని పిలవడం మొదలుపెట్టింది. ఎవరినీ తేలిగ్గా అలా పిలిచే మనిషి కాదు.

ఆ బృందానికి విదేశం నుంచి పిలుపొచ్చింది. ఊరూరా తిరిగి పాడాలి. అప్పటికి బొంగురక్క మొగుడు పని మానేసి ఇంటి పట్టున ఉంటున్నాడు. కొంచెం నడిస్తే ఆయాసం. వదిలి వెళ్ళడానికి ఆవిడకి మనసొప్పలేదు. ఆడపడుచే పట్టుబట్టింది. మన వంశంలో విమానమెక్కినవాళ్ళు లేరు, నా తమ్ముణ్ణి నేను చూసుకోలేనా, వాడికి గోరుముద్దలు పెట్టినదాన్ని అంది. అలా వెళ్ళింది.

ఆ దేశంలో బొంగురక్క ఏ బసకెళ్ళినా ముందు పక్క దుప్పటి ఎత్తి చూసేది. మడత ఎక్కడ వంకరపోయిందో, గంజి ఎక్కడ ఎక్కువైందో వేలితో తడిమి, పెదవి విరిచి, తనే తిరిగి పరుచుకునేది. గదిలో తోడున్న నర్సు పొట్ట పట్టుకు నవ్వేది. రోజూ పొద్దున్నే ఇంటికి ఫోను. అతను కాస్త బాగున్న చెవికి ఫోను ఆనించుకుంటే, చూసిన వీధులూ, ఎక్కిన బస్సూ, చప్పట్లు కొట్టిన జనమూ, వంకర మడతలూ అన్నీ చెప్పేది. అతను ఊఁ కొడుతూ వినేవాడు.

ఇంకొన్ని ఊళ్ళే మిగిలాయనగా, ఒక పొద్దున్న ఫోను ఆడపడుచు ఎత్తింది. జలుబు చేసింది, మందేసుకుని పడుకున్నాడంది. మర్నాడు, ఇప్పుడే కన్నంటుకుంది, లేపితే విసుక్కుంటాడంది. ఆ మర్నాడూ అంతే. నేను వచ్చేయనా వదినా అని బొంగురక్క అడిగింది. అవతల ఆవిడ నవ్వింది. జలుబుకి విమానమెక్కి వస్తారటే, నవ్విపోతారు, ఆ నాలుగు పాటలూ పాడి రా అంది. ఆ నవ్వుకి బొంగురక్క మనసు కుదుటపడింది.

చివరి ఊరికి చేరిన పొద్దున మాస్టారికి ఫోనొచ్చింది. బొంగురక్క మొగుడు ఆ తెల్లవారుజామున పోయాడు. ఫోను చేసింది ఆడపడుచే. పాట అయ్యేదాకా దానికి చెప్పొద్దన్నాడు నా తమ్ముడు, అదే వాడి ఆఖరి మాట, మీకు దండం పెడతాను అని ఏడ్చింది. ఎలాగూ అందరి టిక్కెట్లూ మర్నాటికే. ఎంత వాకబు చేసినా అంతకు ముందు వెళ్ళే విమానంలో చోటు దొరకలేదు. మాస్టారు నర్సుకి చెప్పాడు, నర్సు వంటామెకి చెప్పింది. మధ్యాహ్నం భోజనాల వేళకి బొంగురక్కకి తప్ప అందరికీ తెలుసు.

ఆ రోజు ఆవిడని నెత్తిన పెట్టుకున్నారు. బస్సులో ముందు సీటు ఇచ్చారు. వంటామె ఆవిడ సంచీ లాక్కుని తను మోసింది. ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడని పళ్ళ డాక్టరు టీ తెచ్చి చేతికందించి, చక్కెర సరిపోయిందా అని అడిగాడు. ఆవిడకి లోలోపల నవ్వొచ్చింది. ఆ సాయంత్రం హాలు అన్నిటికన్నా పెద్దది. కోతలు ముగించుకుని ఇళ్ళకు మళ్ళే కూలీల పాటలో ఒక చరణం ఆవిడ ఒక్కతే పాడాలి, మిగతావాళ్ళు వెనక నోరు మూసుకుని రాగం పట్టాలి. దానికోసమే ఈ మర్యాదలనుకుంది. గదిలో చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, నన్నీవేళ మహారాణిలా చూస్తున్నారే, ఇంటికెళ్ళాక మా ఆయనకి చెప్పాలి అంది నర్సుతో. నర్సు కిటికీ తెర సరిగ్గా లేదన్నట్టు అటు తిరిగి నిలబడింది.

ఆ సాయంత్రం ఆవిడ ఎన్నడూ పాడనంత బాగా పాడింది. చరణం సగంలో వెనక రాగం చెదిరింది. ఒక్కొక్కళ్ళూ ఆగిపోతున్నారు. అలిసిపోయి శ్రుతి తప్పారనుకుని, వాళ్ళ బరువు కూడా తనే ఎత్తుకున్నట్టు గొంతు పెంచి పాటని చివరికంటా లాక్కొచ్చింది. జనం లేచి నిలబడ్డారు. తెర వెనక్కి రాగానే, ఆఖరి రోజున ఇలా జావగారిపోయారేంటర్రా అని నవ్వుతూ కసిరింది. ఒక్కరూ నవ్వలేదు.

మాస్టారికి అప్పుడూ నోరు పెగల్లేదు. మర్నాడు పొద్దున, పెట్టెలన్నీ కట్టి వరసగా పెట్టిన హోటల్ వసారాలో ఆవిణ్ణి కూర్చోబెట్టి చెప్పాడు.

ఆవిడ ఆయన మొహం వంకే చూసింది. "ఎప్పుడు?"

"నిన్న తెల్లారుతూనే."

"అంటే నిన్న నేను పాడేటప్పటికి..."

"ఆయనే అన్నారటమ్మా, పాట అయ్యేదాకా చెప్పొద్దని. చెప్పినా ఈ విమానం తప్ప దారి లేదు."

"విమానం సంగతి కాదన్నయ్యా. మొగుడు పోయినదాన్ని, నిన్నంతా నవ్వుతూ తిరిగాను. మీరంతా చూస్తూ కూర్చున్నారు. నా ఏడుపు నన్ను ఏడవనివ్వలేదు."

ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. విమానంలో నర్సు పక్కన కూర్చుంటే వద్దనలేదు, రమ్మనలేదు.

ఆవిడ వచ్చేదాకా అతన్ని ఆస్పత్రి చల్లటి గదిలో ఉంచారు. బాయిలర్ గది పాత జతగాళ్ళంతా వచ్చారు, తలో చెయ్యీ వేసి సాగనంపారు. ప్రాణం పోతూ కూడా నీ పాట గురించే ఆలోచించాడమ్మా, ఎంత గొప్ప మనసు అని వచ్చినవాళ్ళంతా అన్నారు. ఆ మాట ఆవిడకి ఊతకర్ర అయింది. మనిషిని చూడలేకపోయాను, పోనీ, ఆయన కోరింది చేశాను కదా అనుకుంది. దాన్ని పట్టుకునే మళ్ళీ పనిలో చేరింది.

ఒకరోజు వార్డు ఆయా మాసిన దుప్పట్ల బండి తోసుకుంటూ లాండ్రీకి వచ్చింది. పలకరింపుగానే అంది. మా వార్డులో ఉన్నన్ని రోజులూ మీ ఆయన కళ్ళు తలుపు మీదే అక్కా, తలుపు చప్పుడైతే లేవబోయేవాడు, నిన్ను పిలవమని ఒకటే గొడవ అని. చెప్పి, బండి ఖాళీ చేసుకుని వెళ్ళిపోయింది. బొంగురక్క ఇస్త్రీ పెట్టె ఎత్తడం మరిచిపోయింది. దుప్పటి మాడిన వాసనకి పక్కవాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

ఇంటికెళ్ళేసరికి ఆడపడుచు గిన్నెలు కడుగుతోంది.

"వదినా, చెప్పొద్దని ఆయన అన్నాడా?"

ఆవిడ కుళాయి కట్టేసింది. "అనలేదు," అంది.

"మరేమన్నాడు?"

"దాన్ని పిలువు అన్నాడు. రోజూ అదే మాట. రేపో ఎల్లుండో తగ్గిపోతుంది, ఈమాత్రానికి నీ పాట చెడగొట్టడమెందుకనుకున్నాను. అదే వాడికి చెప్పాను. చెవిలో నోరు పెట్టి అరిచాను. వాడు అడిగింది నాకు వినిపించింది, నేను చెప్పింది వాడికి వినిపించలేదు."

"ఫోనైనా చెవి దగ్గర పెట్టలేకపోయావా?"

"పెడితే నువ్వు వచ్చేస్తావు. అక్కడికీ పెడదామనుకున్నాను చివర్లో. అప్పటికి వాడికి స్పృహ లేదు." ఆవిడ తడి చేతులతోనే మొహం కప్పుకుంది. "వాడు పోయాక నీకు నిజం చెప్పే ధైర్యం లేక ఆ మాట అల్లాను."

బొంగురక్క వంటింటి గడప మీద కూర్చుంది. తను చూసిన వంకర మడతలూ, ఎక్కిన బస్సులూ చెప్పడానికి ఎదురుచూస్తూ తిరిగిన ఆ రోజుల్లోనే, ఇక్కడ ఒక మనిషి మంచం మీద, చుట్టూ ఈలల్లాంటి గొంతుల మధ్య, తన పెళ్ళాం ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేక, చెప్పినా అందక, తలుపు చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ రానన్నదేమోనని కూడా అనుకుని ఉండొచ్చు. అది ఇక తెలిసే దారి లేదు. ఆ రోజు ఏడ్చింది. ఇంటి గోడలు అదిరేలా, ఆ లావు గొంతుతోనే ఏడ్చింది.

తర్వాత ఒక రోజు ఎక్స్‌రే గదికి వెళ్ళింది. ఆరోజు నేనన్న మాటల్లో సగం మీకు చెందినవి కావు సార్, ఏమనుకోకండి అంది. మరెవరికి చెందినవని మాస్టారు అడిగాడు. ఇంట్లోవాళ్ళకి అని ఊరుకుంది. చెందిన ఆ సగం మాత్రం వెనక్కి తీసుకోలేదు. బృందంలోకి మళ్ళీ వెళ్ళడానికి చాలా కాలం పట్టింది. వెళ్ళాక కూడా వెనక వరసలో నిలబడి అందరితో కలిసే పాడేది. ఒంటరి చరణాలేవీ మాస్టారు ఇవ్వలేదు, ఆవిడా అడగలేదు. అన్నయ్యా అన్న పిలుపు తిరిగి రాలేదు.

ఇంట్లో మాత్రం నెలల తరబడి మాటల్లేవు. ఒకరు వండిపెట్టి పక్కకెళితే ఇంకొకరు వడ్డించుకుని తినేవాళ్ళు. చివరికి ఒక సాయంత్రం పని నుంచి వచ్చేసరికి ఆడపడుచు సంచీ సర్దుకుని గుమ్మంలో కూర్చునుంది. దూరపు చుట్టం ఒకావిడ రమ్మన్నదంది. నా మొహం చూస్తూ నువ్వెంతకాలం బతుకుతావు, పోతానంది.

బొంగురక్క చెప్పులు విప్పి ఆవిడ పక్కనే కూర్చుంది. "నిన్ను క్షమించానని అనను వదినా. ఆ మాట నా నోట రాదు. కానీ నువ్వెళ్ళిపోతే ఆయన గురించి నేనెవరితో మాట్లాడుకోను?"

అప్పుడే వీధిలో చెట్టు మీద ఏదో పిట్ట కూసింది. వాడు చిన్నప్పుడు కూత వింటే చాలు పిట్ట పేరు చెప్పేవాడు, చెట్టు వైపు చూడను కూడా చూసేవాడు కాదు అంది ఆడపడుచు. బొంగురక్కకి ఆ సంగతి తెలీదు. చెవులు బాగున్న రోజుల్లో అతనెలా ఉండేవాడో ఆవిడెప్పుడూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

"ఇంకేం చేసేవాడు?" అని అడిగింది.

ఆడపడుచు సంచీ పక్కకి జరిపి, చెప్పడం మొదలుపెట్టింది.